కాలు తగిలే విద్య

డెబ్భైల మొదట్లో నాంపల్లిలో ఒక బడి వెనక గదిలో ఆడవాళ్లకు జూడో నేర్పేవారన్నది నిశ్చయం. ఆ గదిలో బెంచీ మీద కూర్చుని నేను స్వయంగా చూశాను. నేలమీద పరిచిన మెత్తలు ఉస్మాన్‌గంజ్ నుంచి తెచ్చిన గోనెసంచులనీ, వాటిలో కూరినది రంపపు పొట్టు అనీ కూడా నిశ్చయమే; ఒక సంచీ కుట్టు విప్పి చూసి మళ్లీ కుట్టాను. అవి అంతకుముందు ఎండుమిరపకాయలు మోసిన సంచులని చెప్పడానికి కుట్టు విప్పవలసిన పని కూడా లేదు. ఎవరు గట్టిగా పడినా గదిలో అందరూ తుమ్మేవారు.

నేర్పే పెద్దమనిషి ఆ విద్యను యుద్ధకాలంలో, తనను బందీగా ఉంచిన ఒక జపాను సిపాయి దగ్గర నేర్చుకున్నాడన్నది మాత్రం వినికిడి. ఆ కథ ఆయన నోటనే రెండుసార్లు విన్నాను. ఒకసారి అది బర్మాలో జరిగింది, మరొకసారి మలయాలో. ఆయన జపాను భాషలో అంకెలు చెబుతూ కసరత్తు చేయించేవారు: ఇచి, ని, సన్, షి, గో, ఆపైన ఛే, సాత్, ఆఠ్. ఐదు దాకా నేర్పేసరికి యుద్ధం ముగిసిపోయిందేమోనని నేను అనుకునేదాన్ని. అది నా ఊహ. దానికీ ఆధారం లేదు.

మూడోది, ఈ మొత్తానికీ మూలమైనది, నాంపల్లి స్టేషను దగ్గర ఒకావిడ మెడలో గొలుసు తెంపుకుపోయారన్న వార్త. ఇది వినికిడిలోనూ చివరి తరగతి వినికిడి. పాలు పోసే ఆమె చెప్పినప్పుడు అది సన్నని గొలుసు. పక్కింటికి చేరేసరికి రెండు పేటలైంది. మా అమ్మ దగ్గరికి వచ్చేసరికి దానికి లాకెట్టు కూడా అమరింది. గొలుసు పోయిందని అందరూ చెప్పుకుంటున్న ఆవిడ ఇంటికి నేనే వెళ్లి అడిగాను. ఆవిడ మెడలో గొలుసు భద్రంగా ఉంది. “నాది కాదు తల్లీ, మా చెల్లె ఇంటి పక్కామెది” అంది. ఆ చెల్లెలి ఇంటికి కూడా వెళ్లాను. అక్కడ, గొలుసు పోయింది మా వీధిలోని ఆవిడదే అని చెప్పారు.

నేను అప్పుడు ఒక ఆడపిల్లల కాలేజీలో భౌతికశాస్త్రం డెమాన్‌స్ట్రేటరును. చెప్పింది చెప్పినట్టు నమ్మకపోవడం నా ఉద్యోగం. ఇంట్లో వాళ్ల దృష్టిలో అది నా జబ్బు. నాంపల్లి స్టేషను వెనక సందులో కిరాయి ఇంట్లో నలుగురం ఉండేవాళ్లం: అమ్మ, అన్న, వదిన, నేను. నాన్న పోయాక ఇంటి నిర్ణయాలన్నీ అమ్మవి. అన్న గౌలిగూడ బస్టాండు పక్కన లారీలకు సరుకు ఎక్కించే ఒక దుకాణంలో గుమాస్తా. అక్కడ సాయంత్రం మొదలైన పని ఎప్పుడు ముగిసేదీ లారీ డ్రైవర్ల దయ మీద ఆధారపడి ఉండేది.

వదిన ఆబిడ్స్ వైపున్న టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరు. ఉద్యోగం ఇంకా తాత్కాలికమే. తాళ్లూ ప్లగ్గులూ నిండిన బోర్డు ముందు, చెవులకు హెడ్‌ఫోను తగిలించుకుని, ఊళ్లకూ ఊళ్లకూ మాట కలపడం ఆమె పని. పల్లెలో వ్యవసాయం చేసుకునే ఇంట్లో పుట్టి, మెట్రిక్ పాసై, పట్నానికి కోడలుగా వచ్చిన మనిషి ఆమె. ఇంట్లో ఎవరైనా పిలిస్తే పలికే గొంతు ఒకటి, బోర్డు ముందు పలికే గొంతు ఒకటి. రెండో దానిలో ఆమెకే తెలియని ఒక ధీమా ఉండేది. ఒకరోజు వరంగల్ దవాఖానలో కూతురి కాన్పు సంగతి తెలియక ఆబిడ్స్ పోస్టాఫీసులో నిలబడ్డ ఒక తండ్రికి, లైను తెగిన ప్రతిసారీ విసుక్కోకుండా మళ్లీ మళ్లీ కలిపి, చివరికి మాట్లాడించింది. ఆ రాత్రి అన్నాల దగ్గర చెప్పింది.

“మనిషెవరో, మొఖమేందో తెల్వదు అత్తమ్మా. మనుమడు పుట్టిండని ఇనంగనే, గాయన మాట్లాడింది దవాఖానోళ్లతోని కాదు, నాతోని. ‘అమ్మా, సల్లగుండు’ అన్నడు.”

అమ్మ కళ్లు తుడుచుకుంది. తుడుచుకుని, “కూర ఏస్కో” అంది.

మరుసటి నెల మొదట్లోనే ఎక్స్ఛేంజిలో కబురు పెట్టారు. సాయంత్రం షిఫ్టుకు ఒప్పుకున్నవాళ్లను పర్మనెంటు చేస్తారు. ఒప్పుకోనివాళ్లకు ఇక పని ఉంటుందన్న హామీ లేదు. జవాబు నెలాఖరులోగా చెప్పాలి. ఈ కబురూ, గొలుసు వార్తా ఒకే వారంలో మా ఇంటికి చేరాయి.

“చీకటి పడ్డంక ఆబిడ్స్ కెల్లి గీడిదాక నడుచుకుంట వస్తవా?” అంది అమ్మ. “గదీ సినిమాలు ఇడిసే టైముకు?”

“నాతోని ఇంక ఇద్దరుంటరు అత్తమ్మా.”

“గా ఇద్దరు ఏడిదాక వస్తరు?”

“స్టేషన్ రోడ్డు దాక.”

“ఆడికెల్లి?”

ఆ తర్వాతి సందు పొడవెంతో అందరికీ తెలుసు.

జూడో సంగతి తెచ్చింది వదినే. ఎక్స్ఛేంజిలో తోటి ఆపరేటరు ఒకామె ఆ బడి గదికి వెళుతోందట. నేర్చుకుంటే మగవాణ్ని కూడా పడగొట్టవచ్చట. అమ్మ నా వైపు తిరిగింది.

“నువ్వు పోయి చూసి రా. నీకు దేవుని మీదనే అనుమానం, గా జపానోని మీద లేకుంటదా? మంచిగ చూస్తవు.”

మా అమ్మ నన్ను పొగిడిన సందర్భాలు తక్కువ. ఇది వాటిలో ఒకటనే అనుకున్నాను.

వదిన కూడా చేరాక శిష్యురాళ్లు గట్టిగా అరడజను మంది ఉండేవారు: దవాఖానలో పనిచేసే ఇద్దరు నర్సులు, ఒక టైపిస్టు, ఆబిడ్స్‌లో బట్టల దుకాణం ఉన్నాయన కూతురు, వదిన, ఆమె తోటి ఆపరేటరు. నేర్పేవారిని అందరూ ఉస్తాద్ అనే పిలిచేవారు. అరవై దగ్గర పడిన మనిషి. నిటారుగా నిలబడితే గోడకు చేరేసిన నిచ్చెనలా ఉండేవారు. జపాను పద్ధతిలో తెల్లని మందపాటి అంగీలు కుట్టించాలని మొదట అనుకున్నారట గానీ, వెంటనే మనసు మార్చుకున్నారు. “వచ్చేటోడు మీరు బట్టలు మార్చుకునేదాక ఆగుతడా?” అని అడిగి, చీరలతోనే సాధన చేయమన్నారు. కొంగు నడుముకు బిగించి, కుచ్చిళ్లు కాస్త పైకి దోపి, అందరూ మిరపకాయల సంచుల మీద నిలబడేవారు. ఒక సంచీ మీద వ్యాపారి ముద్రగా లక్ష్మీదేవి బొమ్మ ఉండేది. దాని మీద కాలు పెట్టడానికి ఎవరూ ఒప్పుకోకపోతే ఉస్తాద్ స్వయంగా వంగి ఆ సంచీని తిరగేశారు. అప్పుడు దేవి ముఖాన్ని నేలకు పెట్టినట్టయిందని మరొకరు అన్నారు. చివరికి ఆ సంచీని గోడకు ఆనించి నిలబెట్టారు; జూడో నేర్చుకున్నన్నాళ్లూ లక్ష్మీదేవి మమ్మల్ని చూస్తూనే ఉంది.

ఆయన చెప్పిన మాటల్ని నేను ఒక్కొక్కటే పరీక్షకు పెట్టాను. చిన్నమనిషి పెద్దమనిషిని పడగొట్టగలదన్నది నిజం. అందులో జపాను రహస్యం ఏమీ లేదు, గరిమనాభి సూత్రం ఉంది. మనిషి బరువు అతని రెండు పాదాల మధ్య జాగా మీద నిలిచి ఉన్నంతసేపూ అతను నిలబడతాడు. దాన్ని ఆ జాగా దాటిస్తే పడతాడు. ఈ మాట నేను చెబితే ఉస్తాద్ సంతోషించి, “జపానోడు గూడ గిదే అన్నడు” అన్నారు. జపాను సిపాయి ఏ భాషలో అన్నాడని అడిగాను. “చేతులతోని” అన్నారు.

చెవి కింద ఒక నరం ఉందనీ, దాన్ని నొక్కితే పహిల్వాన్ అయినా నిద్రపోతాడనీ చెప్పారు. నా మీద పరీక్షించమన్నాను. పరాయి ఆడపిల్ల మెడ మీద చేయి వేయడం ఆయనకు మర్యాద కాదు కనుక, నర్సు చేత నొక్కించారు. నాకు నొప్పి తప్ప నిద్ర రాలేదు.

“భయమున్నోళ్ల మీదనే పనిచేస్తది బేటీ. నీకు భయం లేదు.”

“అంటే నా మీద పరీక్ష పనికిరాదంటరు?”

“ఔ. గందుకే నువ్వు ఫికర్ చెయ్యకు.”

“నొక్కింది నేను ఉస్తాద్,” అంది నర్సు. “గాడ నరం లేదు. ఎముకున్నది.”

పట్టుతో పాటు కడుపులోంచి గట్టిగా అరిస్తే ఎదుటివాడి గుండె ఒక్క క్షణం ఆగుతుందన్నది మరో మాట. గుండె ఆగడాన్ని కొలిచే సాధనం నా దగ్గర లేదు గానీ, నర్సులు అరిచినప్పుడు ఎదురుగా ఉన్న ఇరానీ హోటలు నుంచి ఇద్దరు పరిగెత్తుకు రావడం చూశాను. కనుక అరుపు వల్ల ఉపయోగం ఉందని ఒప్పుకుంటాను. చిక్కంతా వదినతో. ఎంత కోపంగా ఉన్న మనిషితోనైనా మెత్తగా మాట్లాడటం నేర్పిన ఉద్యోగం ఆమెది. ఉస్తాద్ ఎంత ప్రోత్సహించినా ఆమె నోట ఒక్కటే అరుపు వచ్చేది.

“హలో!”

“గదేం అరుపు బేటీ? దొంగ రాంగ్ నంబర్ అనుకొని పోతడు!”

“పోతే మంచిదే కద ఉస్తాద్?”

ఉస్తాద్ ఆ పూటకు అరుపులు ఆపి పట్లు మొదలుపెట్టారు.

అసలు కష్టం మరొక చోట వచ్చింది. ఉస్తాద్ నేర్పిన పట్లలో ముఖ్యమైనది, ఎదుటివాడి చేయి పట్టి లాగుతూ, అతను బరువు మోపిన కాలిని మన పాదంతో పక్కకు ఊడ్చేయడం. దానికి జపాను పేరు ఉండే ఉంటుంది. ఆయన ‘ఝాడూ’, అంటే చీపురు, అనేవారు. చూడటానికి సులువు. కానీ ఊడ్చాలంటే మన కాలు ఎదుటివాళ్లకు తగలాలి. కాలు తగిలితే ఏం చేస్తాం? వంగి, వాళ్లను తాకి, ఆ చేతిని కళ్లకద్దుకుంటాం. ఇది మనం ఆలోచించి చేసే పని కాదు. రెప్ప వేయడం లాంటిది. టైపిస్టు నర్సు కాలిని ఊడ్చింది, నర్సు ఒరిగింది, ఇంకా పడనే లేదు, టైపిస్టు ఆమెను వదిలేసి కిందికి వంగి మొక్కుకుంది. నర్సు నిలదొక్కుకుని, “అయ్యో, ఏం గాదు” అంటూ ఆమెను లేపడానికి తానూ వంగింది. రెండు తలలూ ఢీకొన్నాయి.

“కాలు తీసినవు, మంచిగున్నది. మల్ల కిందికెందుకు వంగినవు?” అన్నారు ఉస్తాద్.

“తగిలింది కద ఉస్తాద్.”

“తగలాల్నే కద బేటీ! తగిలేటందుకే కద మనమంత గీడికొచ్చింది!”

ఆ నెలలో ఆ గదిలో తలలకు బొప్పి కట్టిన సందర్భాలన్నీ నాకు గుర్తున్నంతవరకు పోరాటం వల్ల వచ్చినవి కావు, మర్యాద వల్ల వచ్చినవే. ఉస్తాద్ మొదట కోప్పడ్డారు. తర్వాత బతిమాలారు. ఆ తర్వాత, మొక్కులన్నీ దాచుకుని తరగతి అయ్యాక ఒక్కసారే చెల్లించమన్నారు. దాంతో చివర్లో అందరూ వరసగా నిలబడి, ఎవరెవరి కాలు ఎవరెవరికి తగిలిందో గుర్తు చేసుకుంటూ, ఒకరికొకరు మొక్కుకోవడం మొదలైంది. ఆ తతంగం సాధన కంటే ఎక్కువసేపు పట్టేది. జపానులో పోరాటానికి ముందూ తర్వాతా వంగి నమస్కరిస్తారని ఉస్తాద్ చెప్పారు. అది నిజమేనని తర్వాత నేను పుస్తకాల్లో చూశాను. కానీ వాళ్లు వంగేది ముందూ తర్వాతా. మావాళ్లు వంగేది మధ్యలో.

అలవాటు మెల్లగా సడలింది. మూడు వారాలకు వదిన నర్సులనూ టైపిస్టునూ మొక్కకుండానే పడగొట్టసాగింది. ఒంటి మీద మిరపకాయల వాసనతో, మోచేతుల మీద నీలి మచ్చలతో ఇంటికి వచ్చేది. తోమిన గిన్నెలు బోర్లించడానికి వంగుతూ కూడా పాదం పక్కకు ఊడ్చి చూసుకునేది. నేను అమ్మకు నివేదిక ఇచ్చాను: నరం అబద్ధం, జపాను సిపాయి అనుమానం, కాలు ఊడ్చడం నిజం.

అమ్మ పూర్తిగా విని, “నువ్వు చూసినవు. నేను చూడలే” అంది. “నా కండ్ల ముంగట ఒక మొగోన్ని పడగొట్టుమను. గప్పుడు పంపుత.”

ఇందులో ఆక్షేపించడానికి నాకేమీ కనబడలేదు. కళ్లతో చూసిందే నమ్ముతాననడం నేను ఇంట్లో అందరికీ బోధిస్తూ వచ్చిన మతమే. కానీ ఆ మగమనిషి ఎవరు? పరాయివాడు కోడలి చేయి పట్టుకోవడానికి అమ్మ ఒప్పుకోదు. ఉస్తాద్ కూడా పరాయివాడే. మిగిలింది ఒక్కడే: అన్న. ఆ పట్టణం మొత్తంలో వదిన కాలు తగలకూడని మనిషి ఎవరైనా ఉంటే, ఆ మనిషే పరీక్షకు నిలబడవలసి వచ్చాడు.

ఆదివారం పొద్దున వాకిట్లో షాబాదు బండల మీద అమ్మ బొంత పరిచింది. అన్న ఆరడుగుల మనిషి. తిండి విషయంలో ఎవరినీ నొప్పించేవాడు కాదు. వదిన అతని భుజానికి కూడా రాదు. అన్న కళ్లద్దాలు సర్దుకుని, ఎదురుగా వచ్చి నిలబడి, “ఏ చెయ్యి పట్టుకోవాలె?” అని అడిగాడు.

“దొంగ అడుగుతడారా?” అంది అమ్మ.

“అడగకుంట పట్టుకుంటే బాగుండదని...”

“పట్టుకోరా!”

అన్న వదిన మణికట్టు పట్టుకున్నాడు. జ్వరం చూసేవాడిలా పట్టుకున్నాడు. వదిన చేయి లాగింది. పాదం లేచింది. అతని పాదానికి వేలెడు దూరంలో ఆగిపోయింది. ఆమె ముఖం ఎర్రబడింది. మళ్లీ ప్రయత్నించింది. ఈసారి పాదం అంచు తగిలింది; తగిలిందో లేదో, చేయి విడిపించుకుని, వంగి, అతని పాదాలు తాకి కళ్లకద్దుకుంది. అన్న మర్యాదగా రెండడుగులు వెనక్కి వేశాడు.

“గిట్ల మొక్కుకుంట కూసుంటే పుస్తెలు పోయినట్టే పిల్లా,” అంది అమ్మ. ఆ గొంతులో వెక్కిరింత లేదు, అందుకే వినడం కష్టమైంది. “ఉద్యోగం మంచిదే. గని పానం కంటె ఎక్కువ గాదు. రేపు పోయి పొద్దుగాల షిఫ్టుల ఉంచుమని అడుగు. ఉంచకుంటే ఇడిసిపెట్టు.”

వదిన బొంత దులిపి మడతపెట్టింది. ఆ రోజంతా ఆమె నోట వచ్చిన మాటలు వంటకు సంబంధించినవే. సాయంత్రం బియ్యం ఏరుతూ, నన్ను చూడకుండానే అంది: “రాళ్లు ఏరుడు నాకు మంచిగొస్తది సైన్సమ్మా. ఇంక రోజూ గిదే ఏరుకుంట కూసుంట.”

మర్నాడు ఆమె పొద్దుటి షిఫ్టు అడగలేదు. నెలాఖరుకు ఇంకా వారం ఉందని అమ్మకు గుర్తుచేసింది. తర్వాతి తరగతిలో జరిగినదంతా ఉస్తాద్‌కు చెప్పింది. ఆయన నవ్వుతారనుకున్నాను. నవ్వలేదు. గోడకు ఆనించి ఉన్న లక్ష్మీదేవి సంచీ పక్కన కూర్చుని కాసేపు గడ్డం గోక్కున్నారు.

“నీ మనసుల మాఫీ మిగిలిపోతున్నది బేటీ. తప్పు చేసినంక అడగాలె అని ఉన్నది కద, గది కాలును ఆపుతున్నది. ముందే అడుగు. ముందు మొక్కు, మాఫీ తీస్కో, మల్ల కాలు తియ్యి.”

నేను ఊరుకోలేకపోయాను. “దొంగ దీవించేటందుకు నిలవడతడా ఉస్తాద్?”

“దొంగకు మొక్కుమని ఎవరన్నరు? దొంగైతే గామె కాలు ఎప్పుడో లేస్తది. గీ పరీక్ష దొంగది గాదు, మీ అన్నది.”

ఆ నెల రోజుల్లో ఆయన చెప్పిన మాటల్లో, ఏ వైపు నుంచి చూసినా పగులు కనిపించనిది ఇదొక్కటే. జపాను సిపాయి పేరు కూడా ఇందులో లేదు.

మరుసటి ఆదివారం బొంత మళ్లీ పరిచారు. ఒక్కసారికే అని అమ్మ ముందే చెప్పింది. మర్నాడు ఎక్స్ఛేంజిలో జవాబు చెప్పాలి. వదిన స్నానం చేసి, కొంగు బిగించి వచ్చింది. అన్న కళ్లద్దాలు తీసి కిటికీలో పెట్టి వచ్చి నిలబడ్డాడు. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు.

వదిన ముందుకు వచ్చి, వంగి, అతని పాదాలకు మొక్కింది. భార్య మొక్కితే భర్త ఏం చేయాలో అన్నకు చిన్నప్పటి నుంచీ తెలుసు: పాదాలు దగ్గరికి చేర్చి, వెన్ను నిటారుగా పెట్టి, కుడి చేయి ఎత్తి దీవించాడు. వదిన లేచి నిలబడింది.

“ఇంక పట్టుకో,” అంది అమ్మ.

దీవించిన చేతితోనే అన్న ఆమె మణికట్టు పట్టుకున్నాడు. పాదాలు దగ్గరగానే ఉన్నాయి. వదిన అతని చేతిని తన వైపు గుంజింది, పాదం ఊడ్చింది, అదే క్షణంలో, కడుపులోంచో గుండెలోంచో, వాకిలి అదిరేలా అరిచింది.

“హలో!”

ఆరడుగుల మా అన్న నేల మీద ఉన్నాడు. సగం బొంత మీద, సగం బండ మీద. పక్కింటి గోడ మీది నుంచి ఒక తల లేచింది. అన్న ఆకాశం వైపు చూస్తూ పడుకునే ఉన్నాడు. కొంతసేపటికి, ఫోను లైనుకు అటు చివర మాట్లాడే మనిషి గొంతుతో, “చెప్పండి” అన్నాడు.

వదిన మొక్కలేదు. రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది. నవ్వుతోందో ఏడుస్తోందో వెనక నుంచి నాకు తెలియలేదు. అమ్మ కొడుకును ఒకసారి చూసింది, కోడలిని ఒకసారి చూసింది.

“సరే. పో,” అంది. ఆ తర్వాత, ఆ ఉత్తర్వు మరీ పొట్టిగా ఉందనిపించిందేమో, “లేవరా, బండ సల్లగుంటది” అంది.

వదిన ఆ సోమవారం ఒప్పుకుంటున్నట్టు చెప్పింది. పర్మనెంటు అయింది. మొదటి రోజుల్లో అమ్మ దీపాలు పెట్టే వేళ దాటాక సందు మొదట్లో, కూరగాయలు కొనే నెపంతో నిలబడేది. ఆ వేళకు అక్కడ కూరగాయలు దొరకవు. తర్వాత అదీ మానేసింది. ఆ దశాబ్దం పొడవునా వదిన చీకటి పడ్డాక ఆబిడ్స్ నుంచి నాంపల్లికి నడిచి వచ్చింది, ఎవరూ ఆమె మీద చేయి వేయలేదు. ఉస్తాద్ దీన్ని తన విద్య ఖాతాలో వేసుకున్నారు. తన దగ్గర నేర్చుకున్న ఒక్క ఆడకూతురి మీద కూడా ఈ రోజు దాకా ఎవడూ చేయి ఎత్తలేదని కొత్తగా చేరేవాళ్లకు చెప్పేవారు. మా సందులో జూడో నేర్చుకోని వాళ్ల మీద కూడా ఎవడూ ఎత్తలేదని నేను గుర్తుచేస్తే, “వాళ్లు నీ వదిన పక్కింటోళ్లు కద” అనేవారు. ఎటు తిరిగినా రుజువయ్యే మాటతో వాదించడం వృథా.

తేలని ప్రశ్న ఒక్కటే మిగిలింది: ఆ రోజు అన్న పడ్డాడా, పడుకున్నాడా?

లెక్క వేసి చూశాను. పాదాలు దగ్గరగా, వెన్ను నిటారుగా నిలబడిన అంత పొడవు మనిషిని వదిన బలంతో పడగొట్టడం సాధ్యమే. పడాలని నిశ్చయించుకున్న మనిషి కూడా సరిగ్గా అలాగే పడతాడు. రెండు ఊహలూ ముందుగా చెప్పే ఫలితం ఒక్కటే అయినప్పుడు, ఫలితాన్ని చూసి ఏది నిజమో చెప్పలేం. మళ్లీ చేసి చూడాలి. అందుకు అమ్మ ఒప్పుకోలేదు. “పడ్డడు. నేను చూసిన. నీకేం గావాలె?” అంది. అన్న మూడు రోజులు మోచేతికి పసుపు పట్టు వేసుకున్నాడు. కావాలని పడేవాడు బండ మీద ఎందుకు పడతాడన్నది ఒక వాదన. మొదటి ఆదివారం కళ్లద్దాలతో నిలబడినవాడు రెండో ఆదివారం వాటిని తీసి పెట్టాడు కదా అన్నది ఎదురు వాదన.

సాక్షులిద్దరినీ విడివిడిగా అడిగాను, ఒకసారి కాదు, ఏళ్ల తరబడి.

“మీ వదిననే పడగొట్టింది,” అంటాడు అన్న. “మొదటిసారి మొఖం జూస్తేనే తెలిసింది, గామెతోని కాదని. రెండోసారి మొఖం జూసి అద్దాలు తీసిన.”

“రెండోసారి నువ్వు మొఖం చూడనే లేదు,” అంటాను.

“చూసిన. నువ్వు చూడలే.”

వదిన మాట వేరు. “నా కాలు తగలకముందే ఒరిగిండు. గంత మంచిగ ఒరిగితే ఎవలైనా పడగొడ్తరు. మీ అన్ననే పడ్డడు సైన్సమ్మా.”

సాక్షులు తమకు లాభం కలిగేలా చెబుతారన్న అనుమానంతో సాక్ష్యాన్ని తూచడం నాకు తెలుసు. ఇక్కడ ఒక్కొక్కరూ గెలుపును రెండో వారి చేతిలో పెట్టి తప్పుకుంటున్నారు. ఆ వైపు ఒరిగే సాక్ష్యాన్ని ఎంత తగ్గించి చూడాలో నేర్పే పాఠం నేను చదువుకున్న చోట లేదు. ఇప్పుడు ఇద్దరికీ మోకాళ్ల నొప్పులు. ప్రయోగం మళ్లీ చేయమని అడిగే హక్కు నాకు లేదు. ఒకరి మాటను ఖాయం చేస్తే రెండో వారిది అబద్ధమని రాయాలి. అందువల్ల నా ప్రయోగాల రికార్డులో ఫలితం దగ్గర గడి ఖాళీగా వదిలేశాను.